ఉలవల మీద ఎర్ర కారు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఆ రోజులు గడిచిపోయి మరీ అంత కాలమేమీ కాలేదు. నా నెత్తి మీది జుట్టు మాత్రం చాలా కాలమే అయినట్టు ప్రవర్తిస్తోంది, అది వేరే సంగతి. అసలు సంగతి ఏమిటంటే, ఆ రోజుల్లో నేను మూర్ఖుణ్ణి. ఏదో మర్యాదకి అంటున్న మాట కాదిది, బాగా ఆలోచించి అంటున్నదే. చక్రం గుండ్రంగా ఉంటుందన్న ఒక్క విషయం తప్ప చక్రాల గురించి నాకింకేమీ తెలియదు. తెలియకపోవడం పెద్ద నేరం కాదు. తెలియకుండానే తెలిసినవాడిలా తలూపడం ఉందే, అది నేను చిన్నప్పటి లెక్కల క్లాసు నుంచీ సాధన చేసి సంపాదించుకున్న విద్య. ఎదుటివాడు ఎంత అర్థంకాకుండా మాట్లాడితే నా తల అంత అందంగా ఊగేది. ఆ ఊపులోనే నాలుగు చక్రాలు కొనేశాను.

చక్రాల కంటే ముందు కారు గురించి చెప్పాలి. నాకు విశాఖపట్నంలో ఒక కంపెనీలో ఉద్యోగం. పని మాత్రం నర్సీపట్నంలో మా మేడ మీద గదిలోంచే. రోజంతా గదిలో కూర్చునేవాడికి వేగంగా వెళ్ళే కారెందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. రెండే తలుపులు, రెండే సీట్లు, మిరపపండు రంగు, పాత బండి. అమ్మినాయన "ఇది నేల మీద పాకుతుంది సార్" అన్నాడు. పొగడ్తనుకుని తలూపాను. అది హెచ్చరిక అని ఇంటికొచ్చాక తెలిసింది. మా అమ్మ కారు చుట్టూ తిరిగి చూసి, "మిగతా సగం ఎప్పుడొస్తాదిరా?" అంది. ఆ సాయంత్రం మా బావ (మా అక్క మొగుడు, మాకవరపాలెం పక్కన ఊళ్ళో చెరుకు, జీడితోట, వాటన్నిటినీ మించి ఒక ట్రాక్టరు గల మనిషి) వచ్చి, నడుం మీద చేతులు వేసుకుని చాలాసేపు చూశాడు.

"ఏటిరా బామ్మర్దీ, నాలుగు టైర్లకీ ఒకేపాలి గాలెల్లిపోనాదేటి?"

"లేదు బావా. స్పోర్ట్స్ కారు. ఇలాగే ఉంటుంది."

"ఇలాగే ఉంటాదా! కావాలని కొని, ఇలాగే ఉంటాదా!"

నిజంగానే అది ఇలాగే ఉండేది. మా వీధుల్లో స్పీడు బ్రేకర్లు ప్రభుత్వంవారు వేసినవి తక్కువ, ఇంటివారు వేసుకున్నవి ఎక్కువ. ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు పారబొయ్యడం ఇష్టంలేక గుమ్మం ముందు రోడ్డుకి అడ్డంగా ఒక గట్టు పోసుకుంటారు. ప్రతి గట్టు దగ్గరా నా కారు కడుపు 'గర్ర్' మని రాసుకునేది. టీ కొట్టు దగ్గర గ్లాసులు ఆగేవి, తలలు తిరిగేవి. కింద అరిగేది కారు, పైన అరిగేది నేను. కొన్నాళ్ళకి ఆ చప్పుడు వినగానే మా అమ్మ స్టవ్ మీద అన్నం పడేయడం కూడా మొదలుపెట్టింది, నేను వీధి మలుపు దాకా వచ్చేశానని.

ఇంతలో చిన్నబావ పెళ్ళి కుదిరింది. చిన్నబావంటే మా బావకి తమ్ముడు, నా ఈడువాడు, నా కారుని చూసి నవ్వని ఏకైక మానవుడు. పెళ్ళికూతురిది కృష్ణదేవిపేట అవతల ఒక పల్లె. పెళ్ళి అక్కడే, పగటి ముహూర్తం. వాడు అందరి ముందూ, "నాను పెళ్ళికెల్తే బావ ఎర్రకార్లోనే ఎల్తాను, లేపోతే ఎల్లను" అనేశాడు. నా ఛాతీ పొంగింది. మా బావ మాత్రం పప్పులో గరిట తిప్పుతున్నట్టు నెమ్మదిగా, "సరే, తీసుకెల్లు. ఎనకాల సుట్టాలతో నా ట్రాక్టరొస్తాది. నీ తాబేలు దార్లో బోర్లా పడితే పెళ్ళికొడుకుని నా తొట్టిలో ఎక్కించుకుంటాను. అదే జరిగితే ఒరే బామ్మర్దీ, మా వంశంలో పెళ్ళి జరిగిన ప్రతిసారీ నీ కథ సెప్పుకుని నవ్వుతాం, ఇప్పుడే సెప్తన్నాను" అన్నాడు. వాళ్ళ వంశం చాలా పెద్దది. పెళ్ళికావలసినవాళ్ళు ఇంకా బోలెడుమంది ఉన్నారు.

కాబట్టి కారు ఎత్తు పెరగాలి. ఎత్తు పెరగాలంటే చక్రాలు పెద్దవి కావాలి. ఇంతవరకూ నా తర్కంలో తప్పేమైనా ఉందా చెప్పండి? చోడవరం వెళ్ళే రోడ్డులో ఒక టైర్ల షాపు ఉండేది. ఆ షాపాయన నోట అంకెలు తప్ప అక్షరాలు వచ్చేవి కావు. నేను ఆయనకి ఇంచీల మాస్టారని పేరు పెట్టుకున్నాను. ఆయన నా కారు చక్రాన్ని కాలితో ఒకసారి తట్టి, "ఇప్పుడున్నది పదహారు సార్. పదిహేడెయ్యొచ్చు. పద్దెనిమిది ఎయ్యొచ్చు. పద్దెనిమిదైతే లుక్కు" అన్నాడు.

మనసులో తీసివేత చేశాను. పద్దెనిమిదిలోంచి పదహారు పోతే రెండు. స్పీడు బ్రేకరుకీ నా కారు కడుపుకీ ఉన్న తగువు కూడా సరిగ్గా రెండు వేళ్ళ మందమే. దేవుడు ఉన్నాడు అనుకున్నాను.

"అయితే రెండొందల ఇరవయ్యైదు, నలభై, పద్దెనిమిది. సరేనా సార్?"

"మొదటిది ఏటండి?"

"ఎడల్పు. మిల్లీమీటర్లు."

"రెండోది?"

"టైరు ఎత్తు."

"అదీ మిల్లీమీటర్లేనా?"

"కాదు సార్, పర్సెంటు. మొదటి దాంట్లో నలభై పర్సెంటు. మూడోది ఇంచీలు, రిమ్ముది."

పెళ్ళి భోజనాల్లో అన్నం శేర్ల లెక్కనా, పప్పు శాతాల లెక్కనా, అప్పడం అంగుళాల లెక్కనా వడ్డిస్తే ఎలా ఉంటుంది? ఒకే వరసలో ముగ్గురు మూడు భాషల్లో మాట్లాడుతున్నట్టుంది. నేను తలూపాను. ఆయనలో ఉత్సాహం హెచ్చింది. "రిమ్ము పెంచినప్పుడు టైరు సన్నం సేసీయాల సార్. మొత్తం గుండ్రం మాత్రం పాతదే ఉండాల, లేపోతే మీటరు తప్పు సూపిస్తాది. ఇంకా సక్రాన్ని కొద్దిగా బయటికి లాగిస్తే బండి నిలబడ్డ తీరే వేరు!" అన్నాడు. చూశారా, ఆ మనిషి నన్ను మోసం చెయ్యలేదు. ఎత్తు పెరగదని స్పష్టమైన తెలుగులోనే చెప్పాడు. నేనే తలూపడంలో మునిగిపోయి వినలేదు.

ఆలోచించుకోవడానికి కొద్దిరోజులు గడువు అడిగాను. అదే నేను చేసిన మరో పొరపాటు. కారులో సీట్లు రెండే అయినా సలహాలు బస్సెడు వచ్చాయి. షేర్ ఆటో నడిపే మా వీధి పెద్దాయన "నాలుగెందుకు బాబూ, మూడు సాలవా?" అన్నాడు, ఎంతో జాలిగా. ఫోనులో వీడియోలు చూస్తే ఒకాయన పెద్ద రిమ్ము కారుకి ప్రాణమన్నాడు, ఇంకొకాయన ప్రాణం తీస్తుందన్నాడు. ఇద్దరికీ ఒకే నల్లకళ్ళద్దాలు. మా బావ తేల్చిపారేశాడు: "ఎనకవి పెద్దవెయ్యి, ముందువి సిన్నవెయ్యి. ట్రాక్టరు సూడు." హాయిగా నవ్వుకుని గదిలోకి పోయి ఫోనులో చూద్దును కదా, పందేల్లో పరిగెత్తే కొన్ని కార్లకి నిజంగానే వెనకవి పెద్దవీ ముందువి చిన్నవీ ఉంటాయట! బావ చెప్పింది నిజమని ఒప్పుకోవడం కన్నా పద్దెనిమిది ఇంచీలు నాలుగూ కొనడం తేలిక అనిపించింది. కొన్నాను. పాత చక్రాలు ఇంచీల మాస్టారే తీసుకున్నాడు, ఆ సాయంత్రానికే ఎవరికో ఇచ్చేశాడట.

చక్రాలు తళతళా మెరిశాయి, అద్దంలో ముఖం చూసుకోవచ్చు. ఇంటికి బయలుదేరాను. మొదటి స్పీడు బ్రేకరు దగ్గర యువరాజులా వెన్ను నిటారు చేసుకున్నాను. 'గర్ర్'.

అక్క కుట్టు మిషను టేపు తెచ్చి కారు ఎత్తు కొలిచాను. పెరగలేదు. టేపు పాతదై సాగిపోయిందేమోనని కొత్తది కొనుక్కొచ్చాను. అదీ ఆ మాటే చెప్పింది. చక్రం పెద్దదయింది, నా కళ్ళతో చూస్తున్నాను. కారు మాత్రం ఉన్నచోటే ఉంది. రెండు ఇంచీలు షాపుకీ ఇంటికీ మధ్య ఎక్కడో జారిపోయాయి. మా బావ వచ్చి ఒంగి, మెరిసే రిమ్ము చుట్టూ సన్నగా అంటుకున్న నల్లటి రబ్బరుని వేలితో తడిమి, "ఇది టైరా, సక్రం కంటికెట్టిన కాటుకా?" అన్నాడు. అంత మంచి మాట నాకెందుకు తట్టలేదా అని ఇప్పటికీ అసూయ.

అంతటితో అయిందా? టైరు సన్నబడ్డంతో మెత్తదనం పోయింది. ఒకప్పుడు గోతిలో పడితే తెలిసేది. ఇప్పుడు రోడ్డు మీద ఎవరైనా పల్లీ తొక్క పారేసినా నడుముకి కబురు అందేది. పైగా చక్రాన్ని బయటికి లాగించుకున్నాను కదా, స్టీరింగు ఎడమకి పూర్తిగా తిప్పితే టైరు పోయి మడ్‌గార్డుకి రాసుకునేది. కుడికి ఫర్వాలేదు. ఎడమకి మాత్రం సగమే. అందుచేత మా ఎడమ చేతి సందులోకి వెళ్ళాలంటే ముందుకు పోయి, కుడికి తిరిగి, మళ్ళీ కుడికి తిరిగి, ఊరి క్షేమసమాచారాలు కనుక్కుని రావలసి వచ్చేది. లోకంలో కొందరు చక్రం తిప్పుతారంటారు. నన్ను నా చక్రాలే తిప్పాయి.

పెళ్ళిరోజు రానే వచ్చింది. చిన్నబావ పట్టుపంచె, నుదుట భాసికం, మెడలో దండతో కారులో దూరాడు. దూరడం అంటే ముందు కూర్చున్నంత పని చేసి, తర్వాత పడుకున్నంత పని చేసి, చివరికి కాళ్ళు లోపలికి లాక్కోవడం. పెద్దలందరూ వ్యానులో ముందే వెళ్ళిపోయారు. ట్రాక్టరు తొట్టిలో జంపకానాలు పరుచుకుని అక్క, అక్క తోడికోడళ్ళు, చుట్టాలు. ఇంజను మీద పట్టు కండువాతో మా బావ, సారథిలా. నర్సీపట్నం దాటేచోట వాళ్ళని దాటుకుపోతూ హారను కొట్టాను. బావ చెయ్యెత్తి దీవించాడు. ఆ దీవెన మీద నాకు నమ్మకం కుదరలేదు.

రోడ్డు బాగున్నంతసేపూ నేను ముందు. గోతులు వచ్చినచోట నేను దిగి చూసి, ఎక్కి, పక్కకి తప్పించి, మళ్ళీ దిగి చూసి నడిపేవాణ్ణి. ఆలోపు వెనక టకటకమని ట్రాక్టరు వినిపించేది. చిన్నబావ పాపం రెండు చేతులతో భాసికం పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం, "బావా, ఇప్పుడు తొక్కింది గులకరాయా, ఇటికముక్కా?" అని అడిగాడు, కేవలం తెలుసుకుందామని. చివరికి మెయిన్ రోడ్డు వదిలి పెళ్ళికూతురి పల్లెకి ఎడమవైపు సన్నరోడ్డు చీలింది. నా అవస్థ మీకు తెలుసు కదా, ఎదుటి పొలం గట్టుదాకా పోయి విశాలంగా తిప్పాను. తిప్పి చూద్దును కదా, ఎదురుగా రోడ్డు లేదు. ఉలవలున్నాయి.

మా వైపు ఉలవ పీకిన రోజుల్లో ఇది మామూలే. తీగలు తీగల్లాగే తెచ్చి తారు రోడ్డు మీద పక్కలా పరిచేస్తారు. పోయే బస్సూ వచ్చే లారీ తొక్కుతాయి, కాయ చితుకుతుంది, గింజ రాలుతుంది. నూర్చిపెట్టినట్టు ఆ డ్రైవర్లకి తెలియదు, కూలీ అడగరు. ఎత్తుగా ఉన్న బండికి బాధలేదు. నేల మీద పాకే బండి సంగతి వేరు. పది గజాలు పోయేసరికి తీగలు లేచి, నా అందమైన రిమ్ముల ఊచల మధ్య దూరి, ఇరుసు చుట్టూ చుట్టుకుని, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేలు దూరని సందులో కూరుకుపోయాయి. కారు ఒకసారి మూలిగి ఆగిపోయింది. కమురు వాసన.

పక్కన కర్రతో తీగలు దులుపుతున్న ముసలామె పరిగెత్తుకొచ్చింది. సాయానికనుకున్నాను.

"ఆగిపోనావేటి నాయినా? పోనీ, పోనీ! బలే తొక్కుతంది నీ బండి!"

"మామ్మా, చక్రాలు పట్టేసినాయి."

ఆమె వంగి చక్రాల వెనక నేల చూసింది. ఉలవగింజలు ఎర్రగా రాలి ఉన్నాయి. "ఓలమ్మో, ఏటి సక్రాలు బాబూ ఇయి! ఎంత ఎడల్పు! ఎంత గట్టి! పొద్దున్నుంచి మెత్తటి టైర్ల బళ్ళు పోతన్నాయి, కాయ కాయలాగే ఉండిపోనాది. నీది ఒక్కపాలి తొక్కితే సూడు! ఇంకో నాలుగు సుట్లు తిప్పీసి ఎల్లిపో నాయినా."

కొన్న రోజు నుంచీ నా చక్రాలని మెచ్చుకున్న మొట్టమొదటి ప్రాణి. సంతోషించాలో ఏడవాలో తేల్చుకోలేకపోయాను. వాటి వెడల్పుకీ గట్టిదనానికీ లోకంలో ఒక అర్థముందని, అది ఉలవలని, ఇంచీల మాస్టారైనా చెప్పలేదు.

"పెళ్ళికొడుకు ఉన్నాడు మామ్మా లోపల. ముహూర్తం..."

"పెళ్ళికొడుకైతే దిగి నీడన నిలుసుంటాడు. ఉలవలకి మూర్తం తెలుస్తాదేటి? సాయంకాలం మబ్బేస్తే నానేటైపోవాల?"

పెళ్ళికొడుకు అప్పటికే దిగాడు. భాసికం పక్కకి తోసుకుని, పట్టుపంచె ఎగ్గట్టి, నాతోపాటు రోడ్డు మీద గొంతుక్కూర్చుని తీగలు పీకుతున్నాడు. "బావా, నా పెళ్ళి పనులన్నీ మా అన్నే సేసీసాడని బాధపడ్డాను. ఇది నాకు మిగిల్చేవు" అన్నాడు. సరిగ్గా అప్పుడు దూరంగా టకటక. చిన్నబావ తలెత్తి ఆ వైపు చూశాడు. తర్వాత కారు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూడలేక తీగల వైపు చూశాడు. "టయమైపోతంది బావా..." అన్నాడు, చాలా నెమ్మదిగా. వాడి చెయ్యి ట్రాక్టరుని ఆపడానికి లేవబోతోందని తెలుస్తూనే ఉంది. నాకు వాళ్ళ వంశంలో ఇంకా పెళ్ళికావలసినవాళ్ళందరూ వరసగా కళ్ళ ముందు నిలబడి పళ్ళికిలించారు.

జీవితంలో అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ అంత చురుగ్గా ఆలోచించి ఎరగను. ఆఖరి తీగ ఊడబీకి, మామ్మ దగ్గరికి పోయి చెప్పాను. "మామ్మా, ఇవేం చక్రాలు! అసలు చక్రాలు ఆ వెనకాల వస్తున్నాయి. ఒక్కొక్కటీ నీ అంత ఎత్తు. ఆయన మా బావే. ఉలవలు తొక్కించడమంటే ఆయనకి ప్రాణం, పైకి మాత్రం చెప్పడు. మొహమాటస్తుడు. వద్దు వద్దంటాడు. నువ్వు వదలకు."

మామ్మ కళ్ళు మెరిశాయి. కర్రతో ఒక అంచునున్న తీగలన్నీ గబగబా పక్కకి లాగి నా కారుకి తోవ ఇచ్చింది. "నువ్వు బేగి ఎల్లు నాయినా, ఆ బాబుని నాను సూసుకుంటాను" అంది. వెనక అద్దంలో చివరిసారి కనిపించిన దృశ్యం, రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టుకుని మామ్మ, ఆమె ముందు ఆగిన ట్రాక్టరు, ఇంజను మీద రెండు చేతులూ ఆకాశానికెత్తి ఏదో చెబుతున్న మా బావ.

ముహూర్తానికి ముందే చేరాం. విడిది ముందు బ్యాండు మోగుతుండగా చిన్నబావ ఎర్రకారులోంచి దిగాడు. పెళ్ళికూతురి మేనమామ కారు కిందనుంచి వేలాడుతున్న ఉలవతీగలు చూసి, "కిందకి కూడా డెకరేసన్ సేయించేరా! బాగున్నాది" అన్నారు. తలూపాను.

ట్రాక్టరు తలంబ్రాల వేళకి వచ్చింది. తొట్టిలో ఆడవాళ్ళ ముఖాలు చూడటానికి ధైర్యం చాల్లేదు. ఇష్టంలేకుండా ఉలవల మీద గుండ్రంగా తిరిగినవాళ్ళ ముఖాలు అలాగే ఉంటాయి కాబోలు. బావ దిగి, తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. తిట్లకి సిద్ధపడ్డాను.

"ఒరే బామ్మర్దీ," అన్నాడు, ఛాతీ విరుచుకుని, "ఆ ముసిలమ్మ ఏటందో తెలుసా? ఈ సుట్టుపక్కల మన ట్రాక్టరు సక్రాలాటివి లేవందిరా! నీవి పనికిరావంది. నాను వద్దంటన్నా ఒగ్గలేదు. అయినా నాకు ఉలవలంటే పేణమని ఆవిడికెవులు సెప్పేరో!"

నాకు మళ్ళీ అయోమయం. పగ తీర్చుకుంటే ఎదుటివాడు ఆనందించడం ఏమిటి? గెలిచింది నేనా, ఆయనా? ఇంతలో ఫోటో తీసేవాళ్ళు "పెళ్ళికొడుకు అన్నగారు మధ్యలోకి రండి!" అని కేకేశారు. అప్పుడు చూశాను. బావ తల నిండా ఉలవ పొట్టు. కుడి చెవి మీద ఒక ఎండుతీగ, తీగకి రెండు కాయలు. బావ కండువా సర్దుకుంటూ, "బాగున్నానేటిరా?" అన్నాడు.

"బాగున్నావు బావా," అన్నాను. ఫోటో ఆయనతో, "తియ్యండి సార్" అన్నాను.

ఆ కారు మరుసటి ఏడాది నా దగ్గర లేదు. ఇప్పుడు నాకున్నది ఎత్తయిన, బుద్ధిమంతమైన బండి, దాని టైరు మీద ఏ అంకెలున్నాయో నేను చదవలేదు. ఫోటో మాత్రం మా అక్క వాళ్ళ హాల్లో, టీవీ పైన ఉంది. వెళ్ళినప్పుడల్లా చూస్తాను. మధ్యలో రెండు ఉలవకాయలతో మా బావ, పక్కన కొత్త దంపతులు, ఆ చివర నూనె మరకల చొక్కాతో, లోకంలో ఉన్న చక్రాలన్నీ అర్థమైపోయినట్టు నవ్వుతూ ఒక కుర్రాడు. వాడి జుట్టు ఎంత దట్టంగా ఉండేదో! బావ ఆ ఫోటో చూసి, చెవి మీదున్నది అద్దం మీద మరక అనుకుని, పండగకొకసారి తుడుస్తుంటాడు. పోవడం లేదేమిటని నన్ను అడుగుతాడు. ఇంకొంచెం గట్టిగా తుడువు బావా అంటాను.